పాత పీహెచ్‌పీ బిల్లింగ్ అప్లికేషన్ నెత్తిన పడింది: మొత్తం తిరగరాయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

అనంత_డెవ్ (అనంతపురం)

డ్రిప్, స్ప్రింక్లర్లు, పీవీసీ పైపులు అమ్మే డీలర్ ఒకాయనది వెబ్‌లో నడిచే బిల్లింగ్, స్టాకు అప్లికేషన్. ఈ నెల నుంచి దాని బాధ్యత నాది. రాసినాయన అందుబాటులో లేడు. రాసిపెట్టిన కాగితం ముక్క కూడా లేదు.

పీహెచ్‌పీ 5.6 (కోడ్ భాష), మైఎస్‌క్యూఎల్ 5.5 (డేటాబేస్). ఫైళ్లు 212, లైన్లు 38 వేల చిల్లర. ఫ్రేమ్‌వర్క్ (కోడ్‌కు రెడీమేడ్ చట్రం) లేదు, క్వెరీ, లెక్క, హెచ్‌టీఎంఎల్ అంతా కలగూరగంప. బిల్లు స్క్రీన్ ఒక్కటే 2,900 లైన్లు. దానికి తోడు బిల్_న్యూ, బిల్_న్యూ2, బిల్_ఫైనల్, బిల్_ఫైనల్_ఓకే అని నాలుగు ఫైళ్లు, ఏది నిజంగా నడుస్తోందో తెలిసేట్టు లేదు. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) లేదు, సర్వర్‌లోనే నేరుగా మార్చుకుంటూ వచ్చినట్టున్నారు. అనంతపురం, గుత్తి, తాడిపత్రి మూడు కౌంటర్లూ దీని మీదే ఆధారం.

ఓనర్ చెప్పే ఇబ్బందులు మూడు. 2025 సెప్టెంబర్ 22న డ్రిప్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఎవరో కోడ్‌లో 12ను 5 చేసి వదిలేశారు. ఇప్పుడు ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా 5 శాతంతోనే వస్తోంది. రెండోది, తెలుగులో కొట్టిన రైతుల పేర్లు చివర తెగిపోతున్నాయి. మూడోది, అప్పుడప్పుడు ఒకే బిల్లు నంబరు రెండు కౌంటర్లలో పడుతోంది.

లారావెల్‌లో (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) మొత్తం కొత్తగా రాస్తే నాలుగు నెలలని నా అంచనా. ఓనరేమో "నడుస్తాంది కదప్పా, దాన్నెందుకు కెలకడం" అంటాడు. ఏం చేయమంటారు?

బురుజు_కింద (కర్నూలు)

నాలుగు నెలలన్న లెక్క ఎట్లా వచ్చింది తమ్ముడూ? లైన్లు చూసి వేసిందైతే దాన్ని పక్కన పెట్టు. తిరగరాయాలా వద్దా అన్నది రెండు వారాలు కొలిచాక తేలే సంగతి.

ముందు సర్వర్‌లో ఉన్న ఫోల్డర్ ఉన్నదున్నట్టు దింపి గిట్‌లో మొదటి కమిట్ చెయ్యి. ఒక్క ఖాళీ కూడా సర్దొద్దు, ఫార్మాటర్ నడపొద్దు. డేటాబేస్ డంప్ తీసి వేరే మెషీన్‌లో ఎక్కించి, అప్లికేషన్ అక్కడ లేస్తుందో లేదో చూడు. లేవకపోతే నీకు బ్యాకప్ లేనట్టే లెక్క, మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ఏ ఫైలు నడుస్తోందో కోడ్ చదివి కనుక్కోవాలంటే తెల్లారిపోతుంది. పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఫైల్లో ఆటో_ప్రీపెండ్_ఫైల్ అని ఒక సెట్టింగ్ ఉంది. అక్కడ పేరిచ్చిన ఫైలు ప్రతి స్క్రిప్ట్ కంటే ముందు నడుస్తుంది. అందులో రిజిస్టర్_షట్‌డౌన్_ఫంక్షన్ పెట్టి, పేజీ ముగిసేటప్పుడు గెట్_ఇన్‌క్లూడెడ్_ఫైల్స్ ఇచ్చే జాబితాను తేదీతో సహా ఒక లాగ్‌లోకి రాయించు. ఆరేడు లైన్ల పని. అపాచీ (వెబ్ సర్వర్) యాక్సెస్ లాగ్ ఒక్కటే చూస్తే చాలదు: బ్రౌజర్ నేరుగా పిలిచిన ఫైళ్లే అందులో ఉంటాయి, లోపల ఇన్‌క్లూడ్ అయినవి రావు, క్రాన్ జాబులు (సర్వర్ వేళకు తనంతట తాను నడిపే పనులు) అసలే రావు. క్రాన్ నడిపే కమాండ్ లైన్ పీహెచ్‌పీకి చాలా సర్వర్లలో ఐఎన్‌ఐ వేరుగా ఉంటుంది, ఆ సెట్టింగ్ అక్కడ కూడా పెట్టడం మర్చిపోవద్దు. నీ నాలుగు బిల్లు ఫైళ్ల గుట్టు రెండో రోజే తెలుస్తుంది.

ఇక అంచనా. మధ్యరకం స్క్రీన్ ఒకటి తీసుకో. బిల్లు వద్దు, లాగిన్ కూడా వద్దు; బ్రాంచి నుంచి బ్రాంచికి స్టాకు బదిలీ లాంటిది. దాన్ని కొత్తగా రాసి, పాతదానితో సరిపోల్చి, కౌంటర్ అబ్బాయి చేత వాడించి, అతను సరేననేదాకా ఎన్ని రోజులు పట్టిందో రాసుకో. ఆరు రోజులు పట్టి, లాగ్ ప్రకారం వాడుకలో ఉన్న స్క్రీన్లు 41 అయితే 246 పనిదినాలు. నెలకు 22 రోజుల చొప్పున ఒక మనిషికి పదకొండు నెలలు దాటుతుంది. నీ నాలుగు నెలలకూ దీనికీ మధ్య తేడానే కౌంటర్ దగ్గర తప్ప యాడా రాసిలేని రూల్స్.

ఆ రూల్స్ అన్నీ పిచ్చి ఇఫ్‌ల (షరతుల) రూపంలో ఉంటాయి. ఊరి పేరు పావగడ అయితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకం మీద పన్ను) వేసే ఇఫ్ కనిపిస్తే నవ్వొద్దు. పావగడకు మూడు పక్కలా ఆంధ్రానే ఉన్నా అది కర్ణాటక, జీఎస్టీ స్టేట్ కోడ్ 29. మనది 37. అట్లాంటి ఇఫ్ దొరికిన ప్రతిసారీ ఒక లైను రాసిపెట్టుకో. రెండు వారాలకు ఆ కాగితం కోడ్ కంటే విలువైనదవుతుంది.

పులివెందుల_లైనక్స్ (కడప)

బురుజన్న చెప్పినదాంట్లో కొలవడం వరకు ఒప్పుకుంటా. కానీ "పాతదాన్ని ముట్టుకోవద్దు" అన్న ధోరణి వైపు లాగొద్దన్నా.

పీహెచ్‌పీ 5.6కు భద్రతా ప్యాచ్‌లు 2018 డిసెంబర్ 31తో ఆగిపోయాయి. మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పాత ఫంక్షన్లను 7.0లోనే, అంటే 2015 డిసెంబర్‌లోనే తీసేశారు. అంటే బాగుచేసినా, తిరగరాసినా ప్రతి క్వెరీనీ ముట్టుకోక తప్పదు. 38 వేల లైన్లలో కాపీ పేస్ట్ తీసేస్తే ఎంత మిగులుతుందో చూడు. ఒకే ఫంక్షన్ నలభై ఫైళ్లలో ఉండటం ఇట్లాంటి కోడ్‌లో మామూలే.

తిరగరాయొద్దనే వాళ్లంతా నెట్‌స్కేప్‌నే చూపిస్తారు. 4 తర్వాత కోడ్ మొత్తం తిరగరాస్తూ కూర్చుంటే 5 విడుదలే కాలేదు, 2000 నవంబర్‌లో 6 వచ్చేసరికి మార్కెట్ చేజారింది. నిజమే. కానీ అది ప్రపంచమంతా వాడే బ్రౌజర్. దాన్ని మూడు కౌంటర్ల పైపుల కొట్టుకు కొలబద్ద చేస్తే ఎట్లా? ఇక్కడ అన్ని స్క్రీన్లూ తెలిసిన ఓనర్ ఎదురుగానే కూర్చుంటాడు, అడిగితే చెప్తాడు.

తిరగరాయడానికి నేను చూసే గుర్తులు వేరే. బిల్లులోని ఐటమ్స్ అన్నీ ఒకే కాలమ్‌లో కామాలు పెట్టి దాచారా? బ్రాంచి అన్న మాటే టేబుళ్లలో లేకుండా బ్రాంచికో డేటాబేస్ కాపీ పెట్టారా? ప్రింటింగ్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ యాక్టివ్‌ఎక్స్ (ఆ పాత బ్రౌజర్‌లోనే నడిచే ప్లగిన్) మీద నడుస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నా పైపై మరమ్మతు నిలవదు, అడుగు నుంచి మార్చాల్సిందే. ఏదీ లేకపోతే కోడ్ అసహ్యంగా ఉండటం ఒక్కటే కారణంగా తిరగరాయొద్దు. అసహ్యం ఓనర్‌కు కనబడదు, బిల్లు ఆగితే మాత్రం కనబడుతుంది.

డేటాబేస్_ధర్మవరం

ఇద్దరూ కోడ్ గురించే కొట్లాడుకుంటున్నారు. ప్రశ్నలో ఉన్న మూడు ఇబ్బందులకూ మూలం టేబుళ్లలో ఉంది. లారావెల్‌లో రాసినా అవే టేబుళ్లు వాడితే అవే జబ్బులు.

తెలుగు పేర్లు: కాలమ్ లాటిన్1, కనెక్షన్ లాటిన్1, పేజీ మాత్రం యూటీఎఫ్8 అయ్యుంటుంది. రెండూ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతులే, లాటిన్1కు తెలుగు తెలీదు. యూటీఎఫ్8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తుకూ విడిగా మూడు, సున్నాకూ మూడు. లాటిన్1 కాలమ్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా లెక్కేస్తుంది. పేరు కాలమ్ వర్‌చార్ 30 (30 అక్షరాల దాకా పట్టేది) అనుకో. "రామాంజనేయులు" అంటే 12 గుర్తులు, 36 బైట్లు. 30 దగ్గర కోసేస్తే "రామాంజనేయు" మిగులుతుంది. 5.5లో స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో లేకపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా కోసేస్తుంది. నీ దగ్గర తెగిన పేర్లు సరిగ్గా పది గుర్తుల దగ్గరో, పదహారు దగ్గరో తెగుతుంటే ఇదే రోగం. (50 పెట్టుంటే పదహారు పూర్తిగా వచ్చి, పదిహేడోది మూడులో రెండు బైట్లు మిగిలి చివర చెత్త గుర్తు కనబడుతుంది.)

దీన్ని సరిచేసేటప్పుడు అందరూ చేసే తప్పు, టేబుల్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్8) కన్వర్ట్ చెయ్యడం. అట్లా చేస్తే ప్రతి బైటూ విడిగా మారి "ర" కాస్తా మూడు పిచ్చి గుర్తులుగా స్థిరపడిపోతుంది. కాలమ్‌ను ముందు వర్‌బైనరీ చెయ్యి, తర్వాత దాన్ని వర్‌చార్ 100, యూటీఎఫ్8ఎంబీ4 చెయ్యి. రెండు ఆల్టర్ కమాండ్లు. వర్‌బైనరీలోకి వెళ్లాక బైట్లకు అర్థం ఉండదు కాబట్టి రెండోసారి సరైన పేరు పెట్టినట్టవుతుంది. అదే విరామంలో కనెక్షన్ క్యారెక్టర్ సెట్ కూడా మార్చాలి, లేకపోతే కొత్తగా కొట్టే పేర్లు పాడవుతాయి. కాపీ డేటాబేస్‌లో చేసి ఇరవై పేర్లు కళ్లతో చూశాకే అసలుదాంట్లో చెయ్యి. ఇప్పటికే తెగిన పేర్లు ఎట్లాగూ తిరిగి రావు, రైతు మళ్లీ కొట్టుకొచ్చినప్పుడు అడిగి నింపుకోవాల్సిందే.

బిల్లు నంబరు: కోడ్‌లో మ్యాక్స్ (ఇప్పటిదాకా ఉన్న పెద్ద నంబరు) తీసి ఒకటి కలుపుతున్నట్టుంది. గుత్తి, తాడిపత్రి ఒకే క్షణంలో అడిగితే ఇద్దరికీ ఒకటే వస్తుంది. సిరీస్, ఆర్థిక సంవత్సరం, చివరి నంబరు ఉన్న చిన్న టేబుల్ పెట్టి, ట్రాన్సాక్షన్‌లో (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ వరుసను పట్టుకుని పెంచు. బిల్లు టేబుల్ మీద ఆ మూడింటికీ కలిపి యూనిక్ ఇండెక్స్ (ఒకటే రెండుసార్లు పడనివ్వనిది) పెట్టు. ముందుగా టేబుళ్ల ఇంజిన్ (డేటా దాచే పద్ధతి) చూడు. మైఐసామ్ అయితే ట్రాన్సాక్షన్ అన్న మాటకే అర్థం లేదు, రోల్‌బ్యాక్ చెప్పినా ఏమీ వెనక్కి పోదు. ఇన్నోడీబీకి మార్చాకే మిగతాది. బ్రాంచికో సిరీస్ పెడితే ఇంకా సుఖం. జీఎస్టీ రూలు ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు.

జీఎస్టీ రేటు: కోడ్‌లో అంకె ఉండకూడదు. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్), రేటు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని ఒక టేబుల్. అది కూడా బిల్లు వేసే నిమిషానికే వాడాలి. వేసిన రేటును బిల్లు లైనులోనే నిల్వ చెయ్యాలి. మళ్లీ ప్రింట్ తీసేటప్పుడు రేటు టేబుల్ వైపు చూడనే కూడదు. పాత బిల్లుల్లో పన్ను మొత్తం విడిగా ఉంటే దాన్నుంచి రేటు వెనక్కి లెక్కేసి నింపు, తేదీని చూసి మాత్రం నింపొద్దు. కోడ్‌లో 12ను 5 చేసింది సెప్టెంబర్ 22నే అని గ్యారంటీ ఏముంది? మధ్యలో రెండు రోజులు 12తో పోయిన బిల్లులుంటే అవి 12గానే కనబడాలి. పాత బిల్లు మీద సరుకు వాపసొస్తే క్రెడిట్ నోట్ కూడా ఆ బిల్లు రేటుతోనే.

డబ్బుల కాలమ్‌లు ఫ్లోట్‌లో (దశాంశాన్ని ఉజ్జాయింపుగా దాచే రకం) ఉన్నాయేమో కూడా చూడు. 1234567.89 పెడితే లోపల 1234567.875గా నిలుస్తుంది. పది లక్షలు దాటిన సబ్సిడీ ఖాతాల్లో పైసలు కలవకపోవడానికి ఇదే కారణం. డెసిమల్ 12,2 చెయ్యి.

ఇంకొకటి, పైపుల కొట్టు కాబట్టి చెప్తున్నా. ఐటమ్ పేర్లలో అంగుళం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి చూడు. మ్యాజిక్ కోట్స్ (కోట్ గుర్తు ముందు పీహెచ్‌పీయే బ్యాక్‌స్లాష్ పెట్టే సెట్టింగ్) కాలంలో, అంటే పీహెచ్‌పీ 5.4కు ముందు, ఒకసారి అది, ఒకసారి కోడ్ ఎస్కేప్ చేస్తే అట్లా మిగులుతాయి. "2 అంగుళాల ఎల్బో" మాస్టర్‌లో (ఐటమ్‌ల అసలు జాబితా) రెండు ఐటమ్‌లుగా ఉండి స్టాకు సగం సగం చీలిపోయి ఉంటుంది. జిల్లాల సంగతీ అంతే: 2022 ఏప్రిల్ 4కు ముందు 13, ఆ రోజు 26 అయ్యాయి. మా ధర్మవరం అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మాస్టర్ మార్చు, పాత బిల్లు మీది చిరునామా మార్చొద్దు.

అనంత_డెవ్

అందరికీ థ్యాంక్స్ అన్నా. మూడు వారాల లాగ్ వచ్చింది. 212లో నడిచినవి 83. స్క్రీన్లుగా లెక్కేస్తే 36. నడుస్తున్నది బిల్_న్యూ2, మిగతా మూడూ శవాలే. ఐటమ్స్ విడి టేబుల్లోనే ఉన్నాయి, బ్రాంచి కాలమ్ ఉంది. టేబుళ్లన్నీ మైఐసామ్. పేర్లు పది గుర్తుల దగ్గరే తెగుతున్నాయి, ధర్మవరం అన్న చెప్పినట్టు. స్టాకు బదిలీ స్క్రీన్‌కు ఏడు రోజులు పట్టింది.

అంటే తిరగరాయడం ఇప్పట్లో లేదు. కానీ పీహెచ్‌పీ 8కి పోవాలంటే ఏ వరుసలో పోవాలి?

బురుజు_కింద

36ను ఏడుతో గుణిస్తే 252 రోజులు, ఓనర్‌కు ఆ అంకె చూపించు. పక్కన మరమ్మతు లెక్క పెట్టు.

వరుస: పీహెచ్‌పీ ముందు, మైఎస్‌క్యూఎల్ తర్వాత. తిరగేసి చేస్తే 5.6 పీహెచ్‌పీ మైఎస్‌క్యూఎల్ 8కు కనెక్టే కాదు. దాని డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్టూ, పాస్‌వర్డ్ పద్ధతీ రెండూ దీనికి తెలీవు.

పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను ఒక్కరోజులో దాటే ఉపాయం ఉంది. 7.0 తర్వాత ఆ పేర్లు ఖాళీగా ఉన్నాయి కదా, అవే పేర్లతో పదీ పన్నెండు ఫంక్షన్లు నువ్వే రాసి లోపల మైఎస్‌క్యూఎల్‌ఐని (వాటి కొత్త రూపం) పిలిపించు. ఆర్గ్యుమెంట్ల వరుస తిరగబడుతుంది: పాతదాంట్లో క్వెరీ ముందు, కనెక్షన్ తర్వాత, కొత్తదాంట్లో కనెక్షన్ ముందు. మైఎస్‌క్యూఎల్_రిజల్ట్‌కు మైఎస్‌క్యూఎల్‌ఐలో జోడీ లేదు, అది సొంతంగా రాయాలి. దీంతో అప్లికేషన్ లేస్తుంది గానీ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (పెట్టెలో కొట్టిన మాట క్వెరీలో భాగమైపోవడం) కంతలు అట్లాగే ఉంటాయి. లాగిన్, బిల్లు, పార్టీ వెతుకులాట ఈ మూడు స్క్రీన్లలో క్వెరీలను ఆ వారంలోనే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (విలువలను క్వెరీ నుంచి విడిగా పంపేవి) చెయ్యి.

5.6 నుంచి 7.4కు, అక్కడ ఎర్రర్ లాగ్ ఖాళీ అయ్యాక 8కి. 7.4 దగ్గర మకాం వద్దు, దానికీ 2022 నవంబర్‌లో సపోర్ట్ అయిపోయింది. 8లో నిశ్శబ్దంగా కరిచేది పోలిక. డిస్కౌంట్ పెట్టె ఖాళీగా వదిలితే వచ్చేది ఖాళీ స్ట్రింగ్. దాన్ని రెండు ఈక్వల్స్‌తో సున్నాతో పోలిస్తే 7.4 దాకా నిజం, 8లో అబద్ధం. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, "డిస్కౌంట్ లేకపోతే" అన్న దారి తప్పి బిల్లు ఇంకో లెక్కతో పోతుంది. అట్లాంటి పోలికలను గ్రెప్‌తో వెతికి ఒక్కొక్కటీ చూడాల్సిందే. నల్ (ఏమీ లేని విలువ) మీద కౌంట్ పిలిస్తే 8లో ఆగిపోతుంది. అది నయం, కనీసం తెలుస్తుంది. 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ ఫెయిలైన క్వెరీకి ఎక్సెప్షన్ విసురుతుంది. ఏళ్లుగా ఎవరూ గమనించకుండా ఫెయిలవుతున్న క్వెరీలు ఆరోజు బయటపడతాయి. భయపడి దాన్ని ఆఫ్ చెయ్యొద్దు.

ప్రతి మెట్టుకూ పోల్చడానికి పాత బిల్లులు 200 ఏరు. సెప్టెంబర్ 22కు అటూ ఇటూ, మార్చి 31, ఏప్రిల్ 1, పావగడ, బళ్లారి పార్టీలు, డిస్కౌంట్ ఖాళీవి, వాపసులు, రౌండాఫ్ పడినవి. పాత సర్వర్‌లో ఆ బిల్లుల హెచ్‌టీఎంఎల్ దింపు, కొత్తదాంట్లో దింపు, డిఫ్ చెయ్యి. తేడా వస్తే పైసాకైనా కారణం దొరకాలి. లైనుకు లైను రౌండ్ చేస్తున్నారా, మొత్తం మీదనా అన్నదగ్గరే ఎక్కువ తేడాలు వస్తాయి.

పులివెందుల_లైనక్స్

252 అయితే నేనూ మరమ్మతు వైపే. ఒక్కటి మాత్రం: 8 మీదికి వచ్చాక ఊరుకోవద్దు. నువ్వు రాసిన స్టాకు బదిలీని పారేయకుండా ఎన్‌జిన్‌ఎక్స్‌లో (ముందు నిలబెట్టే వెబ్ సర్వర్) ఆ ఒక్క దారినే కొత్త అప్లికేషన్‌కు మళ్లించు, మిగతావన్నీ పాతదానికే. తాటిచెట్టు మీద మర్రి మొలిచినట్టు, మెల్లగా. ముందు రిపోర్టులు, తర్వాత మాస్టర్లు, బిల్లు చివర్న. ఒక టేబుల్‌లో రాసేది ఒకే అప్లికేషన్ అయ్యుండాలి; రెండూ రాస్తే స్టాకు తేడా వచ్చిన రోజు ఎవరు తప్పో తేలదు.

ముఖం మార్చొద్దు. కౌంటర్ అబ్బాయి స్క్రీన్ చూడకుండా ఎంటర్, ఎంటర్, ట్యాబ్ కొట్టుకుంటూ పోతాడు. మౌస్ పట్టించావంటే ఎంత మంచి డిజైన్ అయినా తిట్లే.

పాస్‌వర్డ్‌లు ఎండీ5లో (పాత, బలహీనమైన హ్యాష్ పద్ధతి) ఉంటే ఎవరినీ మార్చుకోమని అడగనక్కర్లేదు. ఉన్న ఎండీ5 మీదే పాస్‌వర్డ్_హ్యాష్ నడిపి ఒకే రాత్రిలో అన్నీ మార్చెయ్యి. లాగిన్‌లో కొట్టినదాన్ని ఎండీ5 చేసి దానితో వెరిఫై చెయ్యి. కాలమ్ 32 ఉంటుంది, ముందు 255 చెయ్యి; కొత్త హ్యాష్ 60 అక్షరాలు, తెగిందంటే ఒక్కరూ లోపలికి రాలేరు.

అనంత_డెవ్

స్పష్టంగా ఉందన్నా. మొదటి వారం ఇన్నోడీబీ, బిల్లు నంబరు. తర్వాత పేర్లు, రేటు టేబుల్. ఆ తర్వాత పీహెచ్‌పీ.

ఒక చిన్న ప్రశ్న. నడవని 129 ఫైళ్లు తీసేద్దామనుకుంటున్నా. అందులో స్టాక్_సీఎఫ్ అని ఒకటుంది, మూడు వారాల లాగ్‌లో ఒక్కసారీ రాలేదు.

డేటాబేస్_ధర్మవరం

దాన్ని ముట్టుకోవద్దప్పా! సీఎఫ్ అంటే క్యారీ ఫార్వర్డ్ అయ్యుంటుంది, ఏడాదికి ఒక్కసారి, మార్చి 31 రాత్రో ఏప్రిల్ 1 పొద్దున్నో ఓనర్ చేత్తో నడిపేది. తీసేసేవన్నీ ముందు వేరే ఫోల్డర్‌లోకి జరిపి ఏప్రిల్ 10 దాటనీ. ఇది మాత్రం జరపను కూడా వద్దు. ఇప్పుడే కాపీ డేటాబేస్ మీద రెండుసార్లు వరసగా నడిపి చూడు. రెండోసారి ప్రారంభ స్టాకు రెట్టింపు అయితే, దానికి ముందు "ఈ ఏడాదికి అయిపోయింది" అన్న చెక్ ఒకటి పెట్టు.